పాత ఆండ్రాయిడ్ ప్రాజెక్టు కొత్త గ్రేడిల్‌లో బిల్డ్ కావట్లేదా?

హన్మకొండ, కాజీపేట వైపు ఫైనల్ ఇయర్ ప్రాజెక్టులు చాలావరకు సీనియర్ల పెన్‌డ్రైవ్‌లోంచి వచ్చినవే. ఎనుమాముల మార్కెట్లో మిర్చి, పత్తి ధరలు చూపించే యాప్ లాంటిది ఒకటి ఉందనుకోండి. కొత్త ఆండ్రాయిడ్ స్టూడియోలో తెరవగానే స్క్రీన్ నిండా ఎర్ర అక్షరాలు. టెన్షన్ పడి తోచిన వెర్షన్ నంబరల్లా మార్చొద్దు. జేడీకే (జావా కిట్), గ్రేడిల్ (కోడ్‌ని, లైబ్రరీలని కలిపి యాప్‌గా బిల్డ్ చేసే టూల్), ఆండ్రాయిడ్ గ్రేడిల్ ప్లగిన్ (గ్రేడిల్‌కి ఆండ్రాయిడ్ యాప్ బిల్డ్ చేయడం నేర్పేది) మూడూ ఒకదానికొకటి పొసగాలి. ఒక్కటే పెంచితే మిగతావి మొరాయిస్తాయి.

'అన్‌సపోర్టెడ్ క్లాస్ ఫైల్ మేజర్ వెర్షన్ 65'

65 అంటే జావా 21. మీ గ్రేడిల్‌కి అంత కొత్త జావా తెలియదు. జావా 21 మీద నడవాలంటే గ్రేడిల్ 8.5 కావాలి, జావా 17కి 7.3 చాలు. గ్రేడిల్ 6 వాడే ప్రాజెక్టయితే సెట్టింగ్స్‌లో గ్రేడిల్ జేడీకేని 11కి తగ్గించి, ఉన్నది ఉన్నట్టుగా ఒకసారి బిల్డ్ చేయండి. అది పాసైతేనే వెర్షన్ పెంచండి. లేకపోతే తర్వాత వచ్చే ఎర్రర్ పాతదో కొత్తదో తేలదు.

'కుడ్ నాట్ ఫైండ్ మెథడ్ కంపైల్'

ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. బిల్డ్ ఫైల్లో లైబ్రరీలను చేర్చడానికి రాసే 'కంపైల్' అనే పదాన్ని 2021లో వచ్చిన గ్రేడిల్ 7.0 పూర్తిగా తీసేసింది. దాని స్థానంలో 'ఇంప్లిమెంటేషన్' రాయాలి, 'టెస్ట్ కంపైల్' ఉంటే 'టెస్ట్ ఇంప్లిమెంటేషన్'. ఒకే మాడ్యూల్ (ప్రాజెక్టులో విడిగా బిల్డ్ అయ్యే భాగం) ఉంటే పని అయిపోయినట్టే.

రెండు మూడు మాడ్యూళ్లుంటే మాత్రం ఫైండ్ అండ్ రీప్లేస్ కొట్టి వదిలేయకండి. ధరలు తెచ్చే 'డేటా' మాడ్యూల్లో రెట్రోఫిట్ (నెట్ నుంచి డేటా తెచ్చే లైబ్రరీ) ఉంది, దాని క్లాసులను 'యాప్' మాడ్యూల్ కూడా నేరుగా వాడుతోంది అనుకుందాం. పాత 'కంపైల్' ఆ లైబ్రరీని యాప్‌కి కూడా అందించేది. 'ఇంప్లిమెంటేషన్' దాన్ని డేటాలోనే ఆపేస్తుంది. అందుకే యాప్ ఫైళ్లలో 'కెనాట్ ఫైండ్ సింబల్' అని వస్తుంది. డేటాలో ఆ ఒక్క లైన్‌కే 'ఏపీఐ' అని రాస్తే సరిపోతుంది. భయంతో అన్నిటికీ 'ఏపీఐ' పెట్టేస్తే చిన్న మార్పు చేసినా మాడ్యూళ్లన్నీ మళ్లీ కంపైల్ అవుతూ కూర్చుంటాయి. నాలుగు జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్‌లో అది నరకం.

'నేమ్‌స్పేస్ నాట్ స్పెసిఫైడ్'

ఆండ్రాయిడ్ గ్రేడిల్ ప్లగిన్ 8.0 నుంచి మ్యానిఫెస్ట్‌లోని (యాప్ వివరాలుండే ఫైల్) ప్యాకేజ్ పేరును బిల్డ్ ఫైల్లో 'నేమ్‌స్పేస్'గా రాయాలి. స్టూడియోలోని అప్‌గ్రేడ్ అసిస్టెంట్ ఈ పని తనే చేస్తుంది. ఈ ప్లగిన్‌కి కనీసం గ్రేడిల్ 8.0, జేడీకే 17 ఉండాలి. తర్వాత 'బిల్డ్ కాన్ఫిగ్' క్లాసు దొరకట్లేదంటే, బిల్డ్ ఫీచర్స్‌లో దాన్ని 'ట్రూ' చేయండి.

జేసెంటర్ లైబ్రరీలు దొరకట్లేదు

జేసెంటర్ అనే ఆ రిపాజిటరీ (లైబ్రరీలు డౌన్‌లోడ్ అయ్యే చోటు) మూతపడింది. బిల్డ్ ఫైల్లో దాని బదులు 'గూగుల్', 'మావెన్ సెంట్రల్' రిపాజిటరీలు పెట్టండి.

గ్రేడిల్ 6 నుంచి ఒకేసారి 8కి దూకకండి. 6.9కి, అక్కడి నుంచి 7.6కి, తర్వాత 8కి వెళ్లండి. ప్రతి మెట్టు దగ్గరా 'వార్నింగ్ మోడ్ ఆల్' అనే ఆప్షన్‌తో బిల్డ్ చేస్తే తర్వాతి వెర్షన్‌లో ఏవేవి పోతాయో ముందే తెలుస్తుంది. హాస్టల్లో మొబైల్ డేటాతో నెట్టుకొస్తుంటే ర్యాపర్ ప్రాపర్టీస్‌లో (ఏ గ్రేడిల్ డౌన్‌లోడ్ చేయాలో చెప్పే ఫైల్) 'ఆల్' బదులు 'బిన్' డిస్ట్రిబ్యూషన్ పెట్టుకోండి. సోర్స్, డాక్యుమెంట్లు ఉండవు కాబట్టి డౌన్‌లోడ్ తక్కువ.