పాత డీజిల్ కారు కొనే ముందు పొగ ఎలా చూడాలి?

లక్షన్నర కిలోమీటర్లు దాటిన డీజిల్ కారు చూడ్డానికి వెళ్తున్నారా? రాత్రి నుంచి బండి స్టార్ట్ చేయొద్దని ముందే ఫోన్ చేసి చెప్పండి. వెళ్లగానే బానెట్ ఎత్తి ఇంజన్ దగ్గర చెయ్యి పెట్టండి. వెచ్చగా తగిలితే మీరు రాకముందే తిప్పారన్నమాట. మొహమాటపడకుండా ఇంకో రోజు వస్తామని చెప్పండి. వేడి ఇంజన్ చాలా లోపాలు దాచేస్తుంది.

స్టార్ట్ చేసే ముందే సైలెన్సర్ గొట్టం లోపల తెల్లగుడ్డతో తుడవండి. పాత బండికి మసి అంటడం మామూలే. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్6 డీజిల్ బండికి నల్లగా దట్టంగా అంటిందంటే మాత్రం డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) పాడైందో, పీకేశారో అడగాలి.

ఇప్పుడు వెంట వచ్చినవాళ్లతో సెల్ఫ్ కొట్టించి, మీరు వెనక కాస్త పక్కగా నిలబడండి. చలి పొద్దున తెల్లగా వచ్చి కాసేపట్లో పోయేది నీటి ఆవిరే. ఇంజన్ వేడెక్కినా తగ్గకుండా తియ్యటి వాసన వేస్తుంటే కూలెంట్ మండుతోంది, హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ తలకి, బ్లాక్‌కి మధ్య ఉండే సీలు) మీద అనుమానపడాలి. కళ్లు మండించే పచ్చి డీజిల్ వాసనైతే ఇంజెక్టర్లు, గ్లో ప్లగ్గులు (చల్లటి ఇంజన్ స్టార్టవ్వడానికి వేడినిచ్చేవి), కంప్రెషన్ చూపించాలి.

నీలం పొగంటే ఇంజనాయిల్ మండుతోందని అర్థం. అయితే అది ఎప్పుడొస్తోందన్నదే ముఖ్యం. స్టార్ట్ చేయగానే ఒక్కసారి గుప్పుమని ఆగిపోతే చాలాసార్లు వాల్వ్ సీల్సే. ఆ రిపేరు ఖర్చు ధరలోంచి తగ్గించమని బేరమాడొచ్చు. ఫ్లైఓవర్ ఎక్కుతూ రేస్ ఇచ్చినప్పుడల్లా వస్తే పిస్టన్ రింగులు, సిలిండర్ బోరు అరిగి ఉండొచ్చు. అంటే ఇంజన్ దింపే పని. టర్బో సీల్ పోయినా పొగ ఇలాగే వస్తుంది కాబట్టి టర్బో పైపు విప్పించండి. కాస్త జిడ్డుంటే పర్వాలేదు, ఆయిల్ మడుగు కట్టకూడదు.

ఐడ్లింగ్‌లో ఆయిల్ మూత వదులు చేయండి. పల్చటి ఆవిరికి భయం లేదు. మూత ఎగిరిపడుతూ పొగ తన్నుతుంటే, మెకానిక్కులు బ్యాక్ కంప్రెషన్ అనేది అదే, నేనైతే ఆ బండి జోలికి పోను. మూత అడుగున మీగడలాంటి జిగురుంటే ఆయిల్‌లో నీళ్లు కలుస్తున్నాయేమో చూపించండి. వేడి మీద రేడియేటర్ మూత మాత్రం తీయొద్దు.

నల్లపొగకు బెంబేలెత్తక్కర్లేదు. గట్టిగా రేస్ ఇస్తే పాత డీజిల్ కొంచెం కక్కుతుంది. ఆగకుండా వస్తే ఎయిర్ ఫిల్టర్‌తో మొదలుపెట్టి ఈజీఆర్ (కొంత పొగను తిరిగి ఇంజన్‌లోకి పంపే వాల్వ్), ఇంజెక్టర్ల దాకా వెతికించాలి.

చివరగా డిప్‌స్టిక్ తీయండి. ఆయిల్ కొత్తగా, మామూలుకంటే చిక్కగా ఉంటే ఏ గ్రేడ్ పోశారో బిల్లు అడగండి. పొగ కప్పిపుచ్చడానికి చిక్కటి ఆయిల్ పోయడం పాత ఎత్తే.