మెట్ల దారిలో నామం తెగకుండా

హైదరాబాద్‌లో లిఫ్టులకు అలవాటుపడిన కాళ్ళతో అలిపిరి నుంచి తిరుమల కొండ ఎక్కుతుంటే కాసేపటికే ఆయాసం వస్తుంది. నామం ఆగిపోతుంది, మనసు "ఇంకా ఎన్ని మెట్లు?" దగ్గరే తిరుగుతుంది.

మెట్టుకో అక్షరం పెట్టుకోండి. "ఓం నమో వేంకటేశాయ"లో ఎనిమిది అక్షరాలు, అంటే ఎనిమిది మెట్లకో నామం. మనసులోనే అనుకోవాలి, పైకి అంటే ఊపిరి చాలదు. నామానికో పూస జరిపితే 108 పూసల మాలకు 864 మెట్లు, నాలుగు మాలలకు 3456. మొత్తం మెట్లు 3550 కాబట్టి మిగిలేది 94. వాటికి గొంతెత్తి గోవిందా అనండి, ఆ ఓపిక స్వామే ఇస్తాడు. చదునుగా ఉన్నచోట మాల ఆపితే లెక్క చెడదు.

ముందు కొన్ని రోజులు అపార్ట్‌మెంట్ మెట్ల మీదో, మౌలాలి గుట్ట మీదో 27 పూసలు, అంటే 216 మెట్లు, అలవాటు చేసుకుంటే లయ కుదురుతుంది.

ఈ దారిలోనే వచ్చే మోకాళ్ళ మెట్టు అనే చోట మాత్రం ఇది పనిచేయదు. అక్కడ ఎక్కుడు నిటారుగా ఉంటుంది, లయ కోసం తొందరపడితే గుండె దడ. మాల మెడలో వేసుకుని, మెట్టుకో నామం చొప్పున ఆగి ఆగి ఎక్కండి. ఛాతీలో నొప్పిగా ఉన్నా, కళ్ళు తిరిగినా వెంటనే కూర్చుని పక్కవాళ్ళకు చెప్పండి.