మాయాకథల్లోని క్రూరమైన ఆటపట్టింపులను పిల్లలతో చర్చించడం ఎలా?

ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం కొన్న హ్యారీ పోటర్ పుస్తకం చదువుతూ పదేళ్ల పిల్లవాడు ఎవరినో ఏడిపించిన ఘట్టానికి పకపకా నవ్వితే, పుస్తకం లాక్కోవడం గానీ అక్కడికక్కడే హితబోధ మొదలుపెట్టడం గానీ చేయకూడదు. అధ్యాయం పూర్తయ్యాకే మాట కదపాలి.

ముందుగా, కథ మనల్ని ఎవరి పక్కన నిలబెట్టిందో పిల్లల చేతనే చెప్పించాలి. నాలుగో భాగంలో (2000) హ్యారీ స్నేహితుడి అన్నలైన వీస్లీ కవలలు, హ్యారీ పెద్దమ్మ కొడుకు డడ్లీ డైటింగ్‌లో ఉన్నాడని తెలిసే, మంత్రించిన టాఫీలను కావాలని కింద పడేస్తారు; అది తిన్న అతని నాలుక నాలుగడుగుల పొడవు సాగుతుంది. డడ్లీ హ్యారీని ఎంత వేధించాడో మూడు భాగాలుగా చూసి ఉన్నాం కనుక మనకు నవ్వు వస్తుంది. ఆ ఘట్టాన్నే, కొడుకు నోట్లోంచి ఆ నాలుకను పీకేయాలని పెనుగులాడే తల్లి పెటూనియా వైపు నుంచి చెప్పమనండి. అతను మంత్రం రానివాడని కాదు, దౌర్జన్యం చేసేవాడని చేశామన్న కవలల సమర్థన నిలుస్తుందో లేదో అడగండి. తిరిగి దెబ్బ తీయగల మంత్రం డడ్లీకి లేదన్న సంగతిని చాలామంది పిల్లలు తామే పట్టుకుంటారు.

దీని పక్కనే ఐదో భాగంలోని (2003) ఘట్టాన్ని చదివించడం తప్పనిసరి. అక్కడ, హ్యారీ చూసే ఒక పాత జ్ఞాపకంలో, అతని తండ్రి జేమ్స్ బడి రోజుల్లో, నలుగురూ చూస్తుండగా తోటి విద్యార్థి స్నేప్‌ను తలకిందులుగా వేలాడదీస్తాడు; వాడేం చేశాడని హ్యారీకి తల్లి కాబోయే లిలీ అడిగితే, వాడు ఉండటమే తప్పన్నట్టు జవాబిస్తాడు. ఈసారి రచయిత్రి మనల్ని బాధితుడికి దగ్గరగా నిలబెట్టింది కనుక, హ్యారీతో పాటు మనకూ తల కొట్టేసినట్టవుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే చట్టం నిషేధించిన ర్యాగింగ్‌కూ దీనికీ తేడా ఏమిటో కాస్త పెద్ద పిల్లలను అడగవచ్చు. అదే భాగంలో కవలలు తోటి విద్యార్థి మాంటేగ్‌ను, లోపలికి వెళ్లినవారిని మాయం చేసే బీరువాలోకి నెట్టేస్తారు. ఆరో భాగంలో (2005) అందులో ఇరుక్కున్న మాంటేగ్ చెప్పిన సంగతి వల్లే ఆ దారి తెలిసి, శత్రువులు బడిలోకి చొరబడేది ఆ బీరువా గుండానే. ఇందుకు కవలలను ఎవరూ నిలదీయరు, అది నా దృష్టిలో కథలోని లోపమే. మీరు ముందే చెప్పకుండా, ఈ లంకెను పిల్లలకే వదిలేయండి.

మన కథలనూ ఇదే గీటురాయి మీద పరీక్షించవచ్చు. ఆదిపర్వంలో భీముడు చెట్లను ఊపి కౌరవులను పండ్లతో పాటు రాల్చేది పగతో కాదు, పసితనంతో; అయినా దుర్యోధనుడికి పుట్టినది విషం పెట్టించేంత ద్వేషం. కృష్ణుడి కొడుకు సాంబుడికి గర్భిణి వేషం వేసి మునులను ఆటపట్టించిన యాదవుల కథ వేరు, ఎందుకంటే అక్కడ ఎగతాళికి గురైనవారికి శపించే శక్తి ఉంది.

ఇక్కడి నుంచి బర్త్‌డే బంప్స్ పేరుతో అపార్ట్‌మెంట్ కింద జరిగే తన్నుల మీదికి పిల్లలే మాట మళ్లిస్తే వినండి. మీరై మళ్లిస్తే నోరు మూసుకుంటారు. తినుబండారాలతో చేసే ఆటపట్టింపులను మాత్రం చర్చకు పెట్టకుండా వద్దని చెప్పేయాలి. డడ్లీ నాలుకను మంత్రంతో మామూలుగా చేసేశారు గానీ, వేరుశనగ పడని పిల్లవాడి లంచ్ బాక్సులో తెలియకుండా అది కలిపితే ఆసుపత్రికి పరుగెత్తవలసి వస్తుంది.