బోరు నీళ్ల స్విమ్మింగ్ పూల్: మందులు ఏ వరసలో, ఎంతెంత వేయాలి?

పూల్ దగ్గరికి వెళ్లగానే ఘాటైన వాసన ముక్కుకి తగిలితే "క్లోరిన్ బాగా దట్టించారు" అంటాం. చాలాసార్లు సంగతి తిరగబడి ఉంటుంది. క్లోరిన్ చాలక, ఉన్న కాస్తా చెమటతో, మూత్రంతో కలిసి క్లోరమిన్లుగా మారితే వచ్చే వాసన అది. కళ్లు మండేదీ ఎక్కువగా వాటివల్లే. శుభ్రంగా ఉన్న పూల్‌కి పెద్దగా వాసనే ఉండదు.

శంకర్‌పల్లి దగ్గర మా బావగారి తోటలో ఒక చిన్న పూల్ ఉంది. నింపేది బోరు నీళ్లతోనే. మొదటి వేసవిలో నీళ్లు ఆకుపచ్చగా తిరిగినప్పుడల్లా ఆయన క్లోరిన్ పోసేవారు. నాలుగు రోజులకి మళ్లీ పచ్చబడేవి, మళ్లీ పోసేవారు. తీరా చూస్తే పీహెచ్ (నీళ్లు ఆమ్లం వైపు ఉన్నాయా, క్షారం వైపు ఉన్నాయా చెప్పే అంకె) 8 దాటి ఉంది. అంత పీహెచ్‌లో క్లోరిన్ సరిగ్గా పనిచేయదు. అందుకే కింద చెప్పే పనుల్లో క్లోరిన్ చివర్లో వస్తుంది. వరస మార్చకండి.

ముందు లీటర్ల లెక్క

పొడవు, వెడల్పు, సగటు లోతు మీటర్లలో కొలిచి గుణించండి, వచ్చినదాన్ని 1000తో హెచ్చించండి. 8 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, ఒక పక్క 1.2, మరో పక్క 1.8 మీటర్ల లోతు ఉంటే సగటు 1.5. అంటే 48,000 లీటర్లు. ఇక్కడ లెక్కలన్నీ సులువుగా ఉండడానికి 50,000 లీటర్లకు చెబుతున్నాను. "రెండు మగ్గులు వేసేయ్" పద్ధతి మానేయాలంటే ఈ అంకె పంపు గది గోడ మీద రాసుకోవాలి.

టెస్ట్ చేయడం

పైపైన నీళ్లు ముంచకండి. పంపు నుంచి నీళ్లు తిరిగొచ్చే రంధ్రానికి దూరంగా, మోచేయి మునిగేంత లోతు నుంచి తీయండి. చుక్కలు వేస్తే పసుపు రంగు వచ్చే చవక కిట్ మొత్తం క్లోరిన్‌ని చూపిస్తుంది. అందులో పనిచేసేది ఎంతో, క్లోరమిన్‌గా మారిపోయింది ఎంతో చెప్పదు. గులాబి రంగు వచ్చే డీపీడీ కిట్ కొనుక్కుంటే అది విడిగా తెలుస్తుంది.

ఈ డీపీడీతో ఒక మెలిక ఉంది. ఒక సాయంత్రం బావగారు బిళ్ల వేసి గొట్టం ఊపారు. గులాబి రంగు అలా మెరిసి, చూస్తుండగానే పోయి నీళ్లు మళ్లీ ఏ రంగూ లేకుండా అయిపోయాయి. "క్లోరిన్ సున్నా" అనుకుని ఇంకో కిలో కలిపారు. అసలు క్లోరిన్ మితిమీరి ఆ రంగునే విరిచేసింది! అనుమానం వస్తే శాంపిల్‌లో సగానికి సగం మినరల్ వాటర్ కలిపి టెస్ట్ చేసి, వచ్చిన అంకెని రెట్టింపు చేసుకోండి.

కిట్ మీద కనిపించే పీపీఎం అంటే లీటరు నీళ్లకి ఒక మిల్లీగ్రాము.

ఆల్కలినిటీ

పీహెచ్ ఊరికే అటూ ఇటూ ఊగకుండా పట్టి ఉంచేది ఇదే. 80 నుంచి 120 పీపీఎం మధ్య ఉంటే చాలు. తక్కువైతే మామూలు వంట సోడానే వాడొచ్చు. 50,000 లీటర్లలో 10 పీపీఎం పెరగాలంటే సుమారు 840 గ్రాములు పడుతుంది.

బోరు నీళ్లతో బాధ ఇందుకు రివర్స్. ఆల్కలినిటీ ఎక్కువగా ఉంటుంది, దాంతో పీహెచ్ ఎంత దించినా మళ్లీ పైకి పాకుతుంది. అందానికి జలపాతమో ఫౌంటెనో పెట్టుకుంటే ఇంకా త్వరగా పాకుతుంది, ఎందుకంటే నీళ్లు ఎగిరిపడినప్పుడు అందులోని కార్బన్ డయాక్సైడ్ గాల్లోకి పోతుంది. దీనికి మందు హైడ్రోక్లోరిక్ యాసిడ్. 33 శాతం యాసిడ్ సుమారు లీటరు పోస్తే మన పూల్‌లో 10 పీపీఎం దిగుతుంది. ఒక్కరోజులో దించేయాలని చూడకండి. రోజుకి అర లీటరు నుంచి లీటరు లోపు, మర్నాడు టెస్ట్, మళ్లీ కొంచెం. రెండు వారాలు పట్టినా ఫరవాలేదు.

యాసిడ్ పోసేటప్పుడు గ్లవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి. ప్లాస్టిక్ బకెట్‌లో ముందు నీళ్లు పట్టి, అందులోకి యాసిడ్ వంచాలి. యాసిడ్‌లో నీళ్లు పోస్తే చిమ్ముతుంది. పంపు ఆన్‌లో ఉండగా, లోతు ఎక్కువున్న వైపు నెమ్మదిగా పోయండి. తర్వాత కనీసం గంటసేపు ఎవరినీ దిగనివ్వద్దు.

పీహెచ్

7.2 నుంచి 7.6 మధ్య ఉంచండి. 7.8 దాటనివ్వద్దు. నీళ్లలో కలిసిన క్లోరిన్ రెండు రూపాల్లో ఉంటుంది, క్రిముల్ని చురుగ్గా చంపేది హైపోక్లోరస్ ఆమ్లం ఒక్కటే. పీహెచ్ 7.2 దగ్గర దాని వాటా మూడింట రెండు వంతులు. 7.5 దగ్గర సగం. 8కి వెళ్తే నాలుగో వంతు. అంటే బావగారు పోసిన నాలుగు కిలోల్లో మూడు కిలోలు దాదాపు ఊరికే కూర్చున్నాయి.

పీహెచ్ తగ్గించడానికీ అదే యాసిడ్. పెంచాల్సిన అవసరం బోరు నీళ్లకి అరుదు, వస్తే సోడా యాష్ (సోడియం కార్బనేట్, వంట సోడా కాదు) వాడండి.

ఇప్పుడు క్లోరిన్

పనిచేసే క్లోరిన్ 1 నుంచి 3 పీపీఎం ఉండాలి. మన పూల్‌లో 1 పీపీఎం పెంచడానికి 10 శాతం లిక్విడ్ క్లోరిన్ అర లీటరు, లేదా 65 శాతం పొడి క్లోరిన్ (కాల్షియం హైపోక్లోరైట్) 77 గ్రాములు. ఎప్పుడూ సాయంత్రమే వేయండి. మన ఎండకి రక్షణ లేని క్లోరిన్ రెండు మూడు గంటల్లోనే చాలావరకు విరిగిపోతుంది.

ఆ రక్షణ ఇచ్చేది సయనూరిక్ ఆమ్లం, షాపుల్లో స్టెబిలైజర్ అంటారు. 30 నుంచి 50 పీపీఎం చాలు. 40 ఉన్నప్పుడు క్లోరిన్ 3 దగ్గర నిలపండి. తెల్లటి టీసీసీఏ బిళ్లల్లో ఇది కలిసే ఉంటుంది, అందుకే అవి సుఖంగా అనిపిస్తాయి. కానీ బిళ్లల ద్వారా 10 పీపీఎం క్లోరిన్ వేస్తే 6 పీపీఎం స్టెబిలైజర్ కూడా చేరుతుంది. అది ఎండకి పోదు, పేరుకుంటుంది. 100 దాటితే క్లోరిన్ మొద్దుబారుతుంది, అప్పుడు సగం నీళ్లు తీసేసి కొత్తవి పట్టడం తప్ప దారి లేదు. బిళ్లలు ఊరెళ్లినప్పుడు వాడుకోండి, రోజువారీకి లిక్విడ్ మేలు. డబ్బా ఎండలో పెట్టకండి, వేడికి బలం తగ్గిపోతుంది.

టీసీసీఏ బిళ్లల్నీ, బ్లీచింగ్ లాంటి పొడి క్లోరిన్‌నీ ఒకే మగ్గుతో కూడా ముట్టుకోవద్దు. రెండూ కలిస్తే మంట లేస్తుంది, పేలవచ్చు కూడా. క్లోరిన్, యాసిడ్ కలిస్తే విషవాయువు వస్తుంది. వీటిని ఒకే అరలో పెట్టే పంపు గదులు చూస్తే నాకు టెన్షన్.

గట్టి నీళ్లు

కాల్షియం 200 నుంచి 400 పీపీఎం ఉండాలి. బోరు నీళ్లు నీళ్లగీత దగ్గర టైల్స్ మీద తెల్లటి గార కట్టిస్తాయి, గీజర్‌లో కట్టినట్టే. నీళ్లు ఆవిరైనా కాల్షియం కిందే ఉండిపోతుంది. ఇలాంటి చోట పొడి క్లోరిన్ ఇంకాస్త కాల్షియం కలుపుతుంది, లిక్విడ్ వాడమనడానికి రెండో కారణం ఇది.

పచ్చబడితే

ముందు పీహెచ్ 7.2కి దించి, గోడలు బ్రష్‌తో రుద్ది, చీకటి పడ్డాక 10 పీపీఎం క్లోరిన్ వేయండి. రాత్రంతా పంపు నడపండి. ఫిల్టర్ ప్రెషర్ మామూలు కన్నా 8–10 పీఎస్ఐ పెరిగితే బ్యాక్‌వాష్ చేయండి, అంటే నీళ్లు వెనక్కి తిప్పి ఫిల్టర్ కడగండి. మెయింటెనెన్స్ వాళ్లు మైలుతుత్తం వేస్తామంటే ఒప్పుకోవద్దు. పాచి పోతుంది నిజమే, కానీ రాగి మరకలు గోడలకి పడితే మళ్లీ వదలవు.

క్లోరిన్ 3కి దిగి, అడుగున ఉన్న జాలీ స్పష్టంగా కనిపించేదాకా పిల్లలు గట్టు మీదే ఆడుకోవాలి.