యానాం వీధుల్లో ఒక పూట: నడక యాత్ర ప్లాన్ చేసుకోవడం ఎలా?

యానాం వచ్చేవాళ్ళలో ఎక్కువమంది కారు దిగి, రాజీవ్ బీచ్‌లో భారతమాత విగ్రహం దగ్గర ఫోటోలు తీసుకుని, గంటలో వెళ్ళిపోతారు. 1723లో ఫ్రెంచివాళ్ళు వర్తకానికి దిగిన ఊరు ఇది. మధ్యలో ఇంగ్లీషువాళ్ళు కొన్నిసార్లు లాక్కున్నా 1954 దాకా ఫ్రాన్సు జెండా ఎగిరింది. చుట్టూ పాత తూర్పు గోదావరి జిల్లా నేల, మాట మనదే, వంట మనదే, పాలన మాత్రం ఈరోజుకీ పుదుచ్చేరిది. ఇంత కథ ఉన్న ఊరిని కారు అద్దంలోంచి చూసి వెళ్ళిపోతుంటే నాకు మనసు ఒప్పదు. అందుకే మా చుట్టాలు ఎవరొచ్చినా ఒక పూట నడిపిస్తాను. అలా నడిపించి నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఒక సంగతి. యానాంలో పాత కట్టడాలు తక్కువే మిగిలాయి. తుఫాన్లు, వరదలు, కొత్త మేడలు కలిసి చాలా వాటిని తీసుకుపోయాయి. ‘ఏమేం చూడాలి’ అని జాబితా రాసుకుంటే నడక ముప్పావు గంటలో అయిపోతుంది. ‘ఎక్కడ ఆగాలి, ఆగినప్పుడు ఏం చెప్పుకోవాలి’ అని రాసుకుంటే రెండున్నర గంటలు చాలవు. కింద చెప్పేదంతా ఆ రెండో పద్ధతే.

1. నెల, వారం, వేళ కుదుర్చుకోండి

నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా నడకకు హాయిగా ఉంటుంది. అక్టోబరు, నవంబరు తుఫాన్ల కాలం. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుఫాను గురించి ఈ ఒడ్డున ఎవరిని అడిగినా ఇప్పటికీ చెబుతారు. కాబట్టి ఆ రోజుల్లో వాతావరణ శాఖ హెచ్చరిక చూడకుండా తేదీ ఖాయం చేయకండి. ఏప్రిల్, మే నెలల్లో ఎండకన్నా ఉక్కపోత ఎక్కువ బాధిస్తుంది. జూలై నుంచి సెప్టెంబరు దాకా గోదావరికి ఎర్రనీళ్ళు వస్తాయి, వాటితో పులస వస్తుంది. పులస కోసం వచ్చేవాళ్ళకు అదే సీజన్, కానీ వరద హెచ్చరికలు ఉన్నప్పుడు రేవు దగ్గరికి జనాన్ని తీసుకెళ్ళకూడదు. 2022 జూలై వరదలో ఊళ్ళోకే నీళ్ళు వచ్చాయి.

వేళ విషయంలో నాది ఒకటే మాట: పొద్దున్న ఆరున్నరకు మొదటి అడుగు పడాలి. తొమ్మిదికి టిఫిన్ దగ్గర ఉండాలి. సాయంత్రం నడక కూడా బాగుంటుంది గానీ బీచ్ దగ్గర జనం పెరిగిపోయి, మీరు చెప్పేది పక్కవాళ్ళకు వినపడదు.

ఇక ఆటుపోట్లు. బీచ్ అని పిలుస్తున్నా అది గౌతమి గోదావరి ఒడ్డు, సముద్రం ఇంకా దిగువన ఉంది. అయినా సముద్రపు పోటు ఇక్కడిదాకా వస్తుంది. పోటు మీద నీళ్ళు నిండుగా ఉంటాయి, పాటులో బురద తేలి పడవలు పక్కకు ఒరిగి కనిపిస్తాయి. పోటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. అంటే ఈ ఆదివారం పొద్దున్న ఏడింటికి పోటు చూసి, వచ్చే ఆదివారం అదే వేళకు అందరినీ తీసుకొస్తే కనిపించేది బురదే. పక్షం రోజులకు మళ్ళీ దాదాపు అదే వేళకు పోటు ఉంటుంది. అందుకని మీరు ముందస్తుగా చూసుకోవడానికి వచ్చే రోజు, అసలు నడకకు సరిగ్గా పక్షం ముందు ఉండేలా పెట్టుకోండి. ఈ లెక్క చేపలు పట్టేవాళ్ళకు తిథులతో సహా నోటికి వస్తుంది. రేవులో ఎవరినైనా అడిగితే గడియారం చూడకుండా చెప్పేస్తారు.

2. ఒకసారి ముందే నడవండి, నెమ్మదిగా నడిచేవాళ్ళతో

ఇది మానేస్తే మిగతాదంతా కాగితం మీదే బాగుంటుంది. మొదటిసారి నేను మా పెద్దమ్మను, ఇద్దరు పిన్నులను, నలుగురు పిల్లలను వెంటబెట్టుకుని మార్చిలో ఎనిమిదిన్నరకు మొదలుపెట్టాను. నా అడుగుల లెక్కతో గంటంపావు అనుకున్నాను. అరగంటకే పెద్దమ్మ ఒక ఇంటి అరుగు మీద కూర్చుండిపోయింది. ఆవిడకు కావలసింది నీళ్ళు, నీడ, బాత్రూమ్. ఆ మూడూ ఎక్కడున్నాయో నాకు తెలియదు. ఆ ఇంటి ఇల్లాలు లోపలికి తీసుకెళ్ళి మజ్జిగ ఇచ్చి పంపింది. ఆవిడ మంచితనం మీద ఆధారపడి ప్లాన్ వేయడం తప్పు కదా. అప్పటినుంచి నా కాగితంలో మొదటి గుర్తులు బాత్రూమ్‌లవే.

ముందస్తు నడకలో రాసుకోవలసినవి: ప్రతి ఆగే చోట పొద్దున్న ఏడున్నరకు నీడ ఎటు పడుతుందో, కూర్చోవడానికి అరుగో గట్టో ఉందో లేదో, బాత్రూమ్ ఎంత దూరమో, ఆటో ఎక్కడ దొరుకుతుందో. ఒక్కరే నడిస్తే 15 నిమిషాలు పట్టే దూరానికి పదిమందికి 25 పడుతుంది. మొత్తం నడక మూడు కిలోమీటర్లు దాటకుండా, ఆగే చోట్లు ఐదు మించకుండా చూసుకోండి. పది పన్నెండు మందిని మించి తీసుకెళ్ళకండి. అంతకు మించితే వెనకవాళ్ళకు మాట అందదు, ఆ టెన్షన్‌లో మీరూ సరిగా చెప్పలేరు.

3. ఆగే చోట్లు ఎంచుకోండి, ఒక్కో చోటికి ఒక్క కథే

నది ఒడ్డుతోనే మొదలుపెట్టండి. ఫ్రెంచివాళ్ళు ఇక్కడికెందుకు వచ్చారో అక్కడ నిలబడితేనే అర్థమవుతుంది. గౌతమి నుంచి కోరంగి పాయ చీలే చోటు ఇది. లోపలి ఊళ్ళలో నేసిన బట్ట పడవల మీద దిగి వచ్చి, ఇక్కడినుంచి ఓడలకెక్కేది. పక్కనే ఇంజరంలో ఇంగ్లీషువాళ్ళు 1708లోనే కొఠీ పెట్టారు. కోరంగి అప్పటికి పెద్ద రేవు, ఓడలు కట్టే చోటు. రెండు రాజ్యాల వర్తకులు నడిచి వెళ్ళేంత దూరంలో మన నేతగాళ్ళ కోసం పోటీపడ్డారని చెబితే పిల్లలు కూడా చెవులు రిక్కిస్తారు.

అదే ఒడ్డున ఇంకో కథ ఉంది, అది బరువైనది. 1820ల చివర్లో యానాం నుంచి మన కూలీలను ఓడల్లో రీయూనియన్ దీవికి తీసుకెళ్ళారు. చెరకు తోటల పని. తర్వాత కోరంగి రేవు నుంచి మారిషస్‌కు, బర్మాకు వెళ్ళారు. బర్మాలో తెలుగువాళ్ళందరికీ ‘కోరంగీలు’ అనే పేరు పడిపోయింది, ఎక్కిన రేవు పేరే జాతి పేరైంది. ఈ కథ చెప్పేటప్పుడు నేను అందరినీ నీళ్ళవైపు తిరిగి నిలబడమంటాను. వెళ్ళినవాళ్ళు వెనక్కి తిరిగి ఊరిని చూసిన చూపు అక్కడ కాస్త తెలుస్తుంది.

ఆ తర్వాత సెయింట్ ఆన్స్ చర్చి. 1846లో పూర్తయిన కట్టడం, యూరపు పద్ధతిలో కట్టారు. ఆదివారం పొద్దున్న ప్రార్థనలు ఉంటాయి కాబట్టి ఆ వేళ లోపలికి గుంపుగా వెళ్ళకండి. మిగతా రోజుల్లో అడిగి వెళ్ళి, పది నిమిషాలు ఏమీ మాట్లాడకుండా కూర్చోండి. బయట చెప్పుకోవచ్చు.

వెంకటేశ్వరస్వామి గుడి దగ్గర మాత్రం తొందరపడకండి. ఇక్కడి స్వామికి మీసాలుంటాయి, అందరూ మీసాల వెంకన్న అంటారు. ఈ గుడి అరుగు మీద చెప్పవలసింది కల్యాణపురం కథ. 1929లో ఇంగ్లీషు ఇండియాలో బాల్యవివాహాలను ఆపడానికి శారదా చట్టం వచ్చింది. ఆ చట్టం ఫ్రెంచి యానాంలో చెల్లదు. దాంతో చుట్టుపక్కల జిల్లాలవాళ్ళు చిన్నపిల్లలను ఎత్తుకుని పడవల్లో, బండ్లలో యానాం వచ్చి పెళ్ళిళ్ళు చేసుకుని వెళ్ళిపోయేవారు. ఊరికి కల్యాణపురం అనే పేరు అలా వచ్చింది.

నేను ఈ కథ మొదటిసారి చెప్పిన రోజున, అరుగు మీద కూర్చున్న పెద్దమ్మ ‘మా అమ్మ పెళ్ళి కూడా ఇక్కడేరా’ అంది. మా అమ్మమ్మకు అప్పుడు తొమ్మిదేళ్ళట. పెళ్ళి గురించి ఏమీ గుర్తులేదుగానీ పడవలో నిద్రపోయిందని, లేచేసరికి మెళ్ళో దండ ఉందని మాత్రం చెప్పేదట. అమ్మమ్మతో ఇరవై ఏళ్ళు ఉన్నాను, నాకెప్పుడూ చెప్పలేదు. ఆ రోజు నుంచి గుడి దగ్గర నేను చెప్పే సమయం సగానికి తగ్గించి, మిగతా సగం పెద్దవాళ్ళకు వదిలేస్తున్నాను. గోదావరి జిల్లాల కుటుంబాలతో వెళితే గుంపులో ఒకరికైనా ఇలాంటి జ్ఞాపకం ఉంటుంది. మీరూ ఆ ఖాళీ ఉంచండి.

నాలుగో చోటు ప్రభుత్వ కార్యాలయాల వైపు. 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో యానాం ఫ్రెంచి పాలన నుంచి బయటపడింది. పుదుచ్చేరి, కారైకాల్ అదే ఏడాది నవంబరు 1న భారత్ చేతికి వచ్చాయి, అంటే వాటికన్నా ముందే. చట్టప్రకారం అప్పగింత మాత్రం 1962 ఆగస్టు 16న పూర్తయింది. కావాలనుకున్నవాళ్ళు ఫ్రెంచి పౌరసత్వాన్ని ఎంచుకునే వీలు అప్పుడు ఇచ్చారు. ఒకే వీధిలో పుట్టినవాళ్ళు రెండు దేశాల పౌరులైంది అలాగే. తేదీలు ఎక్కువ కాబట్టి వీటిని చిన్న అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసి పట్టుకెళ్ళండి, నోటితో చెబితే ఎవరికీ గుర్తుండవు.

చివరిది చేపల బజారు. పులస సీజన్లో అయితే ఒక బుట్ట దగ్గర ఐదు నిమిషాలు నిలబడండి చాలు. ఒక్క చేప కోసం పాటలాగా ధర పెరుగుతుంది, వేలల్లో పలుకుతుంది. అమ్మే ఆవిడ చేప దవడ పక్క మొప్పను బొటనవేలితో ఎత్తి చూపిస్తుంది: లోపల ఎర్రగా, తడిగా ఉండాలి. వెండి పొలుసు మీద తడి వేలితో రాస్తే జిగురు అంటాలి. సముద్రంలో ఉన్నప్పుడు దీన్ని విలస అంటారు. గుడ్లు పెట్టడానికి వరద నీటికి ఎదురీది గోదావరిలోకి వచ్చాక రుచి మారి పులస అవుతుంది. పుస్తెలమ్మైనా పులస తినాలన్న సామెత ఈ నీళ్ళలోదే. ఇక్కడ ఫోటో తీసేముందు తప్పకుండా అడగండి. వాళ్ళు పనిలో ఉన్నారు, అది వాళ్ళ బతుకుతెరువు. ఏమీ కొనకుండా బుట్టకు అడ్డంగా పదిమంది నిలబడకూడదు కూడా.

ఈఫిల్ టవర్‌లా కట్టిన టవర్ సంగతి అందరూ అడుగుతారు. సుమారు 100 మీటర్ల ఎత్తు, ఈ మధ్య కట్టినదే. నడకలో కలపకండి, దూరం. చూడాలనుకునేవాళ్ళు సాయంత్రం ఆటోలో వెళ్ళొచ్చు.

4. దారి, సామాను

కాకినాడ నుంచి సుమారు 30 కిలోమీటర్లు, బస్సులు బాగానే ఉంటాయి. అమలాపురం వైపు నుంచి వస్తే ఎదుర్లంక దగ్గర గౌతమి మీద బాలయోగి వారధి దాటాలి. 2002కు ముందు అక్కడ పంటు మీదే దాటేవాళ్ళం. మీ గుంపులో పంటు ఎక్కినవాళ్ళుంటే వారధి మీద వస్తుండగానే వాళ్ళచేత చెప్పించండి, నడక అక్కడే మొదలైనట్టు ఉంటుంది.

మనిషికి లీటరు నీళ్ళు, రెండు మూడు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, ఎండకైనా వానకైనా గొడుగు. గుళ్ళోకి, చర్చిలోకి వెళ్ళాలి కాబట్టి తేలిగ్గా విప్పే చెప్పులు. గుంపుకు ముందు మీరు, వెనక ఇంకొకరు ఉండాలి. వెనక ఉండేవాళ్ళకు కథలు తెలియకపోయినా ఫరవాలేదు, ఎవరు ఆగిపోయారో చూడటమే వాళ్ళ పని. టిఫిన్ చేసే హోటల్‌కు ముందురోజే ఫోన్ చేసి ఇంతమంది వస్తున్నాం అని చెప్పి ఉంచండి. పన్నెండు పెసరట్లు ఒక్కసారి కావాలంటే వాళ్ళకు పిండి సరిపోవాలి కదా.

5. ఓపిక ఉంటే కోరంగి

టిఫిన్ అయ్యాక ఇంకా ఓపిక ఉన్నవాళ్ళను బస్సులోనో ఆటోలోనో కోరంగి తీసుకెళ్ళండి, కాకినాడ దారిలోనే. పొద్దున్న నది ఒడ్డున చెప్పుకున్న రేవు ఇదే. 1789లోనూ, 1839లోనూ వచ్చిన తుఫాన్లకు ఆ రేవు పట్నం పోయింది. ‘సైక్లోన్’ అనే ఇంగ్లీషు మాటను పుట్టించిన హెన్రీ పిడింగ్టన్ 1789 నాటి కోరంగి ఉప్పెన గురించి రాశాడు, మూడు పెద్ద అలలు ఒకదాని వెనక ఒకటి ఊరి మీదికి వచ్చాయని. ఇప్పుడక్కడ ఉన్నది మడ అడవి. 1978 నుంచి అభయారణ్యం, 235 చదరపు కిలోమీటర్లకు పైగా. మడ చెట్ల మధ్య చెక్కల వంతెన మీద నీడలో నడవొచ్చు. వంతెన కింద బురదలోంచి వేళ్ళు ఊచల్లా పైకి పొడుచుకుని ఉంటాయి, ఊపిరి పీల్చుకోవడానికి. పాటు వేళ అయితే వాటి మధ్య చిన్న పీతలు పరుగెడుతుంటాయి. పడవ ఎక్కాలంటే మాత్రం పోటు ఉండాలి. పొద్దున్న ఏడింటికి యానాంలో పోటు చూసి వస్తే, మధ్యాహ్నానికి ఇక్కడ నీళ్ళు దిగిపోయి ఉంటాయి. ఆ రోజుకు చెక్కల వంతెన మీద నడకే పెట్టుకోండి, పడవ కోసం పిల్లలకు మాట ఇవ్వకండి.