ఎమ్‌జీబీ మాన్యువల్ దొరికింది, అయినా పని ముందుకు సాగడం లేదా?

1962 నుంచి 1980 వరకు ఇంగ్లండ్‌లోని అబింగ్డన్‌లో 5 లక్షలకు పైగా తయారైన స్పోర్ట్స్ కారు ఎమ్‌జీబీ. అన్నేసి బండ్లు తయారయ్యాక మాన్యువల్, అంటే రిపేర్ పుస్తకం, దొరక్కపోవడమంటూ ఉండదు. దొరికింది మీ బండిదేనా, అందులో అన్నీ ఉన్నాయా అన్న దగ్గరే టెన్షన్ మొదలవుతుంది.

పుస్తకంలో బొమ్మ ఒకలా, బానెట్ కింద ఇంకోలా ఉంది

ఎక్కువమంది చిక్కుకునేది ఇక్కడే. కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే: రిజిస్ట్రేషన్ కాగితం మీది సంవత్సరం చూసి పుస్తకం కొనడం. షోరూమ్‌లో నెలల తరబడి నిలబడ్డ బండ్లు ఉండేవి. నా జీటీ (పైకప్పు ఉన్న ఎమ్‌జీబీ) కాగితాల్లో 1968 అని ఉంది. ఆ సంవత్సరం పుస్తకం ముందు పెట్టుకుని, బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ కోసం వెతికాను. ఉంటే కదా! అక్కడ అదే పని చేసే పాతకాలపు డైనమో ఉంది. ఆ బండి 1967లోనే ఫ్యాక్టరీ దాటిన పాత మోడల్ అని తేలేసరికి రెండు ఆదివారాలు పోయాయి.

కాబట్టి సంవత్సరం పక్కన పెట్టి బానెట్ కింద ఉన్న ప్లేటు మీద ఛాసిస్ నంబర్ చదవండి. జీహెచ్‌ఎన్ అంటే ఓపెన్ టాప్, జీహెచ్‌డీ అంటే జీటీ. పక్కనున్న అంకె 3 అయితే 1962-67 మధ్య బండి. 4 అయితే 1967-69. 5 అయితే ఆ తర్వాతది. (1, 2 ఏమయ్యాయని వెతక్కండి, అవి అంతకు ముందు వచ్చిన ఎమ్‌జీఏకే ఖర్చయిపోయాయి.) 3కీ 4కీ తేడా చిన్నది కాదు. 3లో బ్యాటరీ పాజిటివ్ బాడీకి ఎర్త్ అవుతుంది, 4 నుంచి నెగటివ్. గేర్‌బాక్స్ కూడా మారింది, ఫస్ట్ గేర్‌కి సింక్రోమెష్ (గేర్లు గరగరలాడకుండా కలిపే ఏర్పాటు) వచ్చింది అప్పుడే. తప్పు వైరింగ్ బొమ్మ నమ్మి బ్యాటరీ తిరగేసి కలిపితే ఆల్టర్నేటర్‌లో డయోడ్లు మాడిపోతాయి. పాత ఓనరు ఎప్పుడో పోలారిటీ మార్చి ఉండొచ్చు కూడా, అందుకే పుస్తకం తెరిచే ముందు బ్యాటరీ ఏ తీగ బాడీకి పోతోందో కళ్లతో చూడండి.

ఇంజిన్‌కి వేరే నంబర్ ఉంటుంది. బ్లాక్ పక్కన రివెట్ చేసిన చిన్న ప్లేటు చూడండి. 18జీ, 18జీఏ అంటే క్రాంక్‌షాఫ్ట్‌కి (పిస్టన్లు తిప్పే ఇరుసు) మూడు మెయిన్ బేరింగులు. 18జీబీ నుంచి అయిదు. మూడు బేరింగుల పుస్తకంతో అయిదు బేరింగుల ఇంజిన్ విప్పితే బొమ్మలే కాదు, పార్టులూ కలవవు. ప్లేటు మీద 48జీ అని మొదలైతే కంగారు పడొద్దు. అది కంపెనీయే రీకండిషన్ చేసి అమ్మిన గోల్డ్ సీల్ ఇంజిన్, ఛాసిస్ నంబర్‌తో పొంతన వెతికి లాభం లేదు.

నంబర్లతో కూడా తేలకపోతే ఇంగ్లండ్‌లో గేడన్‌లోని బ్రిటిష్ మోటార్ మ్యూజియం నుంచి హెరిటేజ్ సర్టిఫికెట్ తెప్పించుకోండి. ఫ్యాక్టరీ రికార్డుల ప్రకారం బండి ఎప్పుడు తయారైంది, ఏ ఇంజిన్ నంబర్‌తో, ఏ రంగుతో బయటికి వచ్చింది అన్నీ ఉంటాయి. డబ్బు పోయినా పీడ విరగడవుతుంది.

విప్పడం రాసి ఉంది, ఏ వాషర్ ఎక్కడ వేయాలో లేదు

మీ పుస్తకంలో లోపం లేదు, అది సగం సెట్టే. వర్క్‌షాప్ మాన్యువల్‌ని డీలర్ దగ్గర పనిచేసే, ట్రైనింగ్ అయిన మెకానిక్ కోసం రాశారు. వాషర్ వరుస అతనికి తెలుసనే లెక్క. ఆ వివరం పార్ట్స్ క్యాటలాగ్‌లో ఉంటుంది, విడదీసిన బొమ్మలతో. నా లెక్కలో ముందు కొనాల్సింది అదే. ఇంకా డ్రైవర్ హ్యాండ్‌బుక్, డీలర్లకు పంపిన సర్వీస్ బులెటిన్లు ఉంటాయి. బులెటిన్లు లేకపోయినా బండి నడుస్తుంది.

ఒక సరదా చిక్కు: స్పెషల్ టూల్స్ నంబర్లు కూడా 18జీతోనే మొదలవుతాయి. మాన్యువల్‌లో 18జీ తర్వాత అంకెలుంటే అది పార్టు బయటికి లాగే పుల్లరో, లోపలికి కొట్టే డ్రిఫ్టో. ఇంజిన్ అనుకోవద్దు.

హేన్స్ అనే ప్రచురణ సంస్థ వేసే పుస్తకం ఫ్యాక్టరీది కాదు. ఇంటి దగ్గర పని చేసుకునేవాళ్ల కోసం బండి విప్పి రాసింది. స్పెషల్ టూల్ లేకుండా ఎలా చేయాలో దాంట్లోనే దొరుకుతుంది. రెండూ పక్కపక్కన పెట్టుకోండి.

స్కాన్ ఫైల్ ఉంది, కావాల్సిన పేజీ మాత్రం లేదు

స్కాన్ చేసినవాళ్లు మడత పేజీలు విప్పరు. వైరింగ్ బొమ్మలు సగం తెగిపోతాయి. మాన్యువల్‌లో ప్రతి విభాగానికీ ఒక అక్షరం (ఇంజిన్ ఏ, ఎలక్ట్రికల్ ఎన్), ఆ అక్షరం కిందే పేజీ నంబర్లు మళ్లీ 1 నుంచి మొదలవుతాయి. కొనేముందు విషయసూచిక పక్కన పెట్టుకుని ప్రతి విభాగం చివరి పేజీ వరకు లెక్కపెట్టండి. "కంప్లీట్" అన్న ఫైల్‌లో ఎక్కువగా ఖాళీగా ఉండేవి చివర్లోని టూల్స్, మధ్యలోని వైరింగ్ మడతలు.

అంత ఓపిక లేకపోతే బ్రూక్‌లాండ్స్ బుక్స్ వేసే రీప్రింట్ కొనండి. అట్ట మీద ఏకేడీ 3259 అన్న ఫ్యాక్టరీ నంబర్ ఉందో లేదో చూసుకోండి. పాత అచ్చే కావాలంటే సెప్టెంబర్‌లో ఇంగ్లండ్‌లోని బ్యూలీలో జరిగే ఆటోజంబుల్‌లో (పాత బండ్ల సామాన్ల సంత) బల్లల కింద పెట్టెలు వెతకాలి. గ్రీజు మరకలున్న కాపీ దొరికితే వదలొద్దు, ఎవరో దాంతో నిజంగా పని చేశారన్నమాట.

టార్క్ అంకెలు రెండు చోట్ల రెండు రకాలు

టార్క్ అంటే బోల్టు ఎంత బలంగా బిగించాలో చెప్పే అంకె. ముందు యూనిట్ చూడండి. పౌండ్-అడుగు, పౌండ్-అంగుళం, కిలోగ్రామ్-మీటరు మూడూ వాడతారు. 50 పౌండ్-అడుగులంటే సుమారు 68 న్యూటన్ మీటర్లు, అదే 50 పౌండ్-అంగుళాలైతే అందులో పన్నెండో వంతు. యూనిట్ సరిపోయినా అంకె తేడాగా ఉంటే మళ్లీ ఇంజిన్ నంబర్ మొదట్లో ఉన్న 18జీ, 18జీబీ లాంటి అక్షరాల దగ్గరికే వెళ్లాలి.

మనవాళ్లకు ఒక మాట. అంబాసిడర్‌లోని 1489 సీసీ ఇంజిన్ కూడా ఇదే బీఎమ్‌సీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) బీ-సిరీస్ కుటుంబం. అందుకే ఊళ్లో అంబాసిడర్ విప్పిన చేతులకు 1798 సీసీ ఎమ్‌జీబీ ఇంజిన్ కొత్తగా అనిపించదు. అలాగని అంబాసిడర్ అంకెలు గుర్తుపెట్టుకుని దీనికి వాడొద్దు. బోరే (సిలిండర్ వ్యాసం) వేరు.

వైరింగ్ బొమ్మలో బి అని ఉంది, నీలం తీగ కలిపితే ఫ్యూజ్ పోయింది

బి అంటే నలుపు. నీలానికి యు, బ్రౌన్‌కి ఎన్. రెండక్షరాలుంటే మొదటిది తీగ రంగు, రెండోది దాని మీది గీత రంగు. బ్రౌన్ నేరుగా బ్యాటరీ నుంచి వస్తుంది, తెలుపు ఇగ్నిషన్ తర్వాత, ఆకుపచ్చ ఫ్యూజ్ దాటాక. నలుపు ఎర్త్. మడత పేజీని ఏ3 సైజులో ప్రింట్ తీసి, కలర్ పెన్సిళ్లతో గీతలు దిద్ది, గ్యారేజ్ గోడకు అంటించండి. బండి కింద పడుకున్నప్పుడు కనిపించే ఎత్తులో.