చైనా గ్రీన్ టీ నేర్చుకుందాం – మూడో పాఠం: చేదు ఎక్కడి నుంచి వస్తుంది?

పోయిన పాఠంలో ఎండు ఆకు దగ్గర ఆగాం. తెల్ల కాగితం మీద లోంగ్‌జింగ్ అనే చైనా గ్రీన్ టీ ఆకు చిటికెడు పోసుకుని రంగు చూశాం, వాసన పట్టాం, వేళ్ళ మధ్య నలిపితే పటుక్కున విరుగుతోందో లేదో చూశాం. ఇవాళ నీళ్ళు పోస్తాం. ఒకే ఆకును మూడు గ్లాసుల్లో మూడు రకాల వేడి నీళ్ళతో నానబెట్టి, పక్కపక్కన పెట్టుకుని రుచి చూస్తాం. ఒక గంట తీరిక చేసుకోండి. ఈ పాఠాలన్నిటిలోనూ నాకు ముఖ్యమైనది ఇదే.

మన ఇళ్ళలో గ్రీన్ టీ అంటే చాలామందికి ఒక చిన్న సంచీ, సలసల మరిగే నీళ్ళు, తేనె, నిమ్మకాయ. బరువు తగ్గడానికి ముక్కు మూసుకుని తాగే కషాయం. నేనూ అలాగే మొదలుపెట్టాను. చాలా ఏళ్ళ కిందట ఒక స్నేహితుడు చైనాలోని హాంగ్‌జౌ నగరానికి వెళ్ళి వస్తూ చిన్న డబ్బాలో లోంగ్‌జింగ్ తెచ్చిచ్చాడు. మామూలు టీకి పెట్టినట్టే నీళ్ళు తెర్లించి, ఆకు మీద పోసి, మూతపెట్టి వేరే పనిలో పడ్డాను. పావుగంట తర్వాత తాగితే వేపాకు నమిలినట్టు ఉంది. నాకు పడదులే అనుకుని డబ్బాను వంటింటి అలమరలో ఇంగువ పక్కన పెట్టేశాను. ఆరు నెలల తర్వాత మూత తీస్తే ఇంగువ వాసన తప్ప ఇంకేమీ లేదు. అంత మంచి ఆకును రెండుసార్లు పాడుచేశాను. తప్పు ఆకుది కాదని తెలిశాక ఆ బాధ ఇంకా ఎక్కువైంది.

చేదు ఆకులో ఉన్నమాట నిజమే. దాన్ని గ్లాసులోకి ఎంత రానివ్వాలన్నది మాత్రం మన చేతిలో ఉంది. అదెలాగో చూద్దాం.

టీ ఆకు రుచిలో పెద్ద పాత్ర మూడింటిది. థియనిన్ అనే అమైనో ఆమ్లం కమ్మదనాన్ని, లేత తీపిని ఇస్తుంది. కటెకిన్లు వగరును, కొంత చేదును ఇస్తాయి. కెఫీన్ చేదుగా ఉంటుంది. ఓ మోస్తరు వేడి నీళ్ళలోనే థియనిన్ సులువుగా దిగిపోతుంది. కటెకిన్లు, కెఫీన్ అలా కాదు, వేడి పెరిగేకొద్దీ, నానే సమయం పెరిగేకొద్దీ ఎక్కువెక్కువగా దిగుతాయి. అంటే మరిగే నీళ్ళు పోసి పావుగంట వదిలేస్తే కమ్మదనం మొత్తం చేదు కింద పడి కనిపించకుండా పోతుంది. నా డబ్బాకు జరిగింది అదే.

తొలి చిగుళ్ళకు అంత ధర ఎందుకో కూడా ఇక్కడే అర్థమవుతుంది. థియనిన్ తేయాకు పొద వేళ్ళలో తయారై చిగుళ్ళకు చేరుతుంది. ఎండ తగిలేకొద్దీ ఆకులో అది తగ్గి కటెకిన్లు పెరుగుతాయి. అందుకే వసంతపు చిగురు కమ్మగా, వేసవి ఆకు వగరుగా ఉంటాయి. ఏప్రిల్ 4, 5 తేదీల్లో వచ్చే చింగ్‌మింగ్ పండగకు ముందే కోసిన ఆకును మింగ్‌చియెన్ అంటారు. ఆ తర్వాత, చైనా పంచాంగంలో ఏప్రిల్ 20 ప్రాంతంలో వచ్చే గూయూ అనే రోజు లోపు కోసినది యూచియెన్. మనం ఉగాది పచ్చడికి వేపపువ్వు ఏరుకునే రోజుల్లోనే హాంగ్‌జౌ పశ్చిమ సరస్సు చుట్టూ ఉన్న కొండల మీద ఆ తొలి చిగుళ్ళు కోస్తుంటారు.

సాధనకు మింగ్‌చియెన్ అక్కర్లేదు. అసలు పశ్చిమ సరస్సు లోంగ్‌జింగే కావాలన్న పట్టుదల కూడా వద్దు. ఆ పేరు పెట్టుకునే హక్కున్న నేల మొత్తం 168 చదరపు కిలోమీటర్లే, ధర కూడా దానికి తగ్గట్టే ఉంటుంది. హాంగ్‌జౌ ఉన్న జెజియాంగ్ రాష్ట్రంలోనే చియెన్‌తాంగ్, యుయెజౌ ప్రాంతాల్లో పండే లోంగ్‌జింగ్ చాలు. నేర్చుకునేటప్పుడు ఖరీదైన ఆకు ఉంటే ఎక్కడ పాడవుతుందో అన్న టెన్షన్‌తో చెయ్యి వణుకుతుంది.

ఇప్పుడు మూడు గాజు గ్లాసులు తీసుకోండి. ఒకే కొలత, ఒకే మందం ఉన్నవి అయితే మంచిది. స్టీలు గ్లాసుల్లో ఆకు కనపడదు. ఒక్కో గ్లాసులో 3 గ్రాముల ఆకు వేయండి. చెంచాతో కొలవకండి, లోంగ్‌జింగ్ బల్లపరుపుగా, తేలిగ్గా ఉంటుంది కాబట్టి చెంచా లెక్క ప్రతిసారీ మారిపోతుంది. వంటింటి త్రాసు లేకపోతే గ్లాసు అడుగు పల్చగా కప్పుకునేంత వేయండి. మూడింటిలోనూ సమానంగా ఉండడం ముఖ్యం.

మొదటి గ్లాసులో దాదాపు 95 డిగ్రీల నీళ్ళు, రెండోదానిలో 80, మూడోదానిలో 60 డిగ్రీలవి, ఒక్కోదానిలో 150 మిల్లీలీటర్లు పోయండి. ఫోన్‌లో మూడు నిమిషాలు టైమర్ పెట్టండి. ఒక్కో గ్లాసుకూ విడిగా లెక్క చూసుకోండి. టైమర్ మోగగానే వడకట్టి వేరే కప్పుల్లోకి తీయండి. వడకట్టకుండా వదిలేస్తే ఆకు నానుతూనే ఉంటుంది, పోలిక చెడిపోతుంది. వడకట్టిన ఆకును పారేయకండి, దానితో పని ఉంది.

థర్మామీటర్ లేనివాళ్ళు గిన్నెలు మార్చుకుంటే సరిపోతుంది. మరిగిన నీళ్ళను చల్లటి చెంబులోకి ఒకసారి, అక్కడి నుంచి ఇంకో చెంబులోకి ఒకసారి పోస్తే దాదాపు 80 దగ్గరకు దిగుతాయి. కాఫీ తిరగబోసే ఇళ్ళలో ఇది ఎవరికీ కొత్తగా నేర్పక్కర్లేదు. మీ చెంబు ఎంత దళసరిగా ఉంది, వంటిల్లు ఎంత వేడిగా ఉంది అన్నదాన్ని బట్టి కొంచెం తేడా వస్తుంది. ఎవరి దగ్గరైనా థర్మామీటర్ తెచ్చి మీ చెంబుల లెక్క ఒక్కసారి చూసి పెట్టుకోండి, ఇక జన్మలో దాని అవసరం ఉండదు. ఎనిమిదో శతాబ్దంలో టీ గురించి రాసిన లూ యూ దగ్గర ఏ పరికరమూ లేదు. నీటి బుడగలు చూసి లెక్కపెట్టాడు. మొదట చేప కళ్ళంత బుడగలు, తర్వాత గిన్నె అంచుల వెంట ముత్యాల దండల్లా లేచేవి, చివరకు అలల్లా పొంగేవి. స్టవ్ దగ్గర నిలబడి ఈ మూడు దశలనూ ఒకసారి కళ్ళారా చూడండి.

ఇక రుచి. గుక్కెడు తాగేసి బాగుంది, బాగాలేదు అంటే పాఠం ముందుకు సాగదు. చెంచాతో తీసుకుని చారు జుర్రినట్టు గట్టిగా జుర్రండి. చప్పుడు చేస్తే ఇంట్లో పెద్దవాళ్ళు కోప్పడతారేమో, ఇవాళ్టికి చెప్పి ఒప్పించండి. గాలితో కలిసి లోపలికి వెళితేనే పరిమళం గొంతు వెనక నుంచి ముక్కుకు చేరుతుంది. నోట్లో రెండు క్షణాలు తిప్పి మింగండి. తర్వాత నోరు మూసుకుని ముక్కుతో గాలి వదలండి. అసలు వాసన అప్పుడు తెలుస్తుంది.

ముందు చేదునూ వగరునూ విడదీయండి. ఉగాది పచ్చడి తిన్న నాలుకకు ఇది కష్టం కాదు. వేపపువ్వుది చేదు, పచ్చి మామిడి తొక్కది వగరు. చేదు రుచి. వగరు మాత్రం నోటికి తగిలే స్పర్శ లాంటిది. లాలాజలంలోని మాంసకృత్తులను కటెకిన్లు పట్టుకోవడంతో నాలుక జారుడు పోయి గరుకుగా అనిపిస్తుంది. జామపిందె కొరికాక పళ్ళ మీద నాలుక తిప్పితే ఎలా ఉంటుందో అది వగరు. గ్రీన్ టీ చేదుగా ఉంది అనేవాళ్ళలో సగం మంది నిజానికి చెబుతున్నది వగరు గురించేనని నా అనుభవం.

తర్వాత కమ్మదనం. చైనావాళ్ళు దీన్ని షియెన్ అంటారు, తాజాదనం అన్న అర్థం కూడా అందులో ఉంది. తీపి కాదు, ఉప్పు కాదు. ఉప్పు వేయకముందు పెసరకట్టు ఒక చెంచా నోట్లో వేసుకుని చూడండి, నాలుక మీద పల్చగా పరుచుకునే ఆ నిండుదనమే ఇది.

చివరగా హ్వేగాన్, అంటే మింగాక వెనక్కి తిరిగి వచ్చే తీపి. దీన్ని వర్ణించడానికి ఇతర దేశాలవాళ్ళు పేరాలకు పేరాలు రాస్తారు. మనకు ఒక్క ఉసిరికాయ చాలు. ఉసిరికాయ నమిలి మంచినీళ్ళు తాగితే ఆ నీళ్ళు ఎలా తియ్యబడతాయో, మంచి లోంగ్‌జింగ్ మింగిన కాసేపటికి గొంతులో అలాంటి తీపి నెమ్మదిగా లేస్తుంది. అది వచ్చేదాకా ఆగండి. వెంటనే రెండో గుక్క తాగితే దాన్ని దాటిపోతారు.

ఇప్పుడు మూడు కప్పులనూ ఈ మాటలతో పోల్చండి. 60 డిగ్రీలది తేటగా, మెత్తగా ఉంటుంది, కానీ వాసన సరిగ్గా లేవదు. 95 డిగ్రీలదానిలో వాసన గుప్పుమంటుంది, దాని వెనకే వగరు, చేదు వచ్చి నాలుకను పట్టేస్తాయి. 80 డిగ్రీలదానిలో రెండూ కుదురుతాయి. వేయించిన పెసరపప్పు వాసన, నిప్పుల్లో కాల్చిన పనసగింజ వాసన వస్తాయి, కమ్మదనమూ తెలుస్తుంది. కొందరికి 60 డిగ్రీలదే నచ్చుతుంది, అది తప్పేమీ కాదు. ఒకే ఆకు ఇంత మారిందని మీ నాలుక మీకు చెప్పాలి, నేను చెప్పి లాభం లేదు.

ఒక సందేహం రావచ్చు. చైనాలో వృత్తిగా రుచి చూసేవాళ్ళు 3 గ్రాముల గ్రీన్ టీకి 150 మిల్లీలీటర్ల మరిగే నీళ్ళే పోసి నాలుగు నిమిషాలు నానబెడతారు. వాళ్ళకు తెలియదా? తెలుసు. ఆకులో దాగిన లోపం ఏదైనా ఉంటే మరిగే నీళ్ళలో బయటపడక తప్పదు, వాళ్ళకు కావలసింది అదే. కొత్త ఆకు కొన్నప్పుడు ఒక్కసారి అలా పరీక్షించడం మంచి అలవాటు. మరిగే నీళ్ళలో కూడా వగరు వెనక తీపి తిరిగి వచ్చిందంటే ఆ ఆకును నమ్మవచ్చు.

పోలిక అయ్యాక రోజూ తాగే పద్ధతికి వద్దాం. ఇది చాలా తేలిక. పొడుగాటి గాజు గ్లాసును వేడి నీళ్ళతో తొలిచి పారబోయండి. 80 డిగ్రీల నీళ్ళు పావు గ్లాసు పోసి, 3 గ్రాముల ఆకు వేసి, గ్లాసును మెల్లగా గుండ్రంగా తిప్పండి. ఇప్పుడు ముక్కు దగ్గర పెట్టుకోండి. రోజు మొత్తంలో ఈ టీ నుంచి వచ్చే అతి మంచి వాసన ఈ అర నిమిషంలోనే ఉంటుంది. తర్వాత కొంచెం ఎత్తు నుంచి సన్నటి ధారగా నీళ్ళు పోసి, ముప్పావు కంటే కాస్త తక్కువకు ఆపండి.

ఇక కదపకండి, చూడండి. మొదట ఆకులన్నీ పైన అడ్డంగా తేలుతుంటాయి. నిమిషం గడిచాక ఒక్కొక్కటే నీళ్ళు తాగి బరువెక్కి, తొడిమ కిందికి, కొస పైకి పెట్టుకుని నిలువుగా లేస్తాయి. కొన్ని సగందాకా దిగి, మళ్ళీ పైకి వచ్చి, మళ్ళీ దిగుతాయి. అణిగిపోయి ఉన్న మొగ్గ, దాన్ని అంటిపెట్టుకున్న ఆకూ మెల్లగా విడిపోతాయి. రెండు మూడు నిమిషాలకు చాలావరకు అడుగున చేరి, నీరు లేత పసుపు కలిసిన ఆకుపచ్చకు తిరుగుతుంది. అప్పుడు తాగండి. పైన తేలే ఆకులను ఊది పక్కకు నెడితే సరిపోతుంది.

మొత్తం తాగేయకండి. మూడో వంతు మిగిలి ఉండగానే మళ్ళీ వేడి నీళ్ళు పోయండి. ఇలా అడుగున కొంత ఉంచడాన్ని చైనాలో వేరు వదలడం అంటారు. అలా చేస్తే రెండో గ్లాసు రుచి ఒక్కసారిగా పల్చబడదు. రెండోసారికి, మూడోసారికి నీళ్ళు ఇంకొంచెం వేడిగా ఉండాలి, ఎందుకంటే ఆకులో మిగిలింది తక్కువ. పరగడుపున తాగితే కొందరికి కడుపులో తిప్పుతుంది, ఏదైనా తిన్నాకే తాగండి.

నీళ్ళ గురించి ఒక్కమాట. హాంగ్‌జౌలో లోంగ్‌జింగ్‌కు జోడీగా హూపావ్ ఊట నీళ్ళను చెబుతారు, అవి లవణాలు తక్కువ ఉన్న తేలికైన నీళ్ళు. మన బోరు నీళ్ళు చాలాచోట్ల దానికి పూర్తిగా విరుద్ధం. గిన్నె అడుగున తెల్లగా పేరుకునే నీళ్ళతో టీ మసకగా వస్తుంది, పైన పొర కడుతుంది, వాసన చచ్చిపోతుంది. ఆర్‌ఓ నీళ్ళు వాడండి. మరీ చప్పగా అనిపిస్తే మంచి కుళాయి నీళ్ళు మరిగించి పావు వంతు కలిపి చూడండి.

వడకట్టి ఉంచిన ఆకు సంగతి. 80 డిగ్రీలలో నానినదాన్ని తెల్ల పళ్ళెంలో నీళ్ళు పోసి విప్పి పరచండి. ఎండు ఆకు దాచిన నిజాలన్నీ ఇక్కడ కనిపిస్తాయి. ఒక మొగ్గ, దానికి ఒకటి రెండు ఆకులు అతుక్కుని ఉంటే జాగ్రత్తగా కోశారన్నమాట. వేళ్ళ మధ్య నొక్కితే మెత్తగా ఉండాలి. అంచులు ఎర్రబడి ఉంటే, ఆకు లోపలి ఎంజైములను వేడితో ఆపకముందే అది నలిగి కమిలిందని అర్థం. మాడిన చుక్కలుంటే కళాయి మరీ వేడెక్కింది. చేత్తో వేయించేవాళ్ళు ఒట్టి అరచేతినే వేడి కళాయికి అదిమి ఆకును చదును చేస్తారని గుర్తుంది కదా, ఆ చెయ్యి ఎంత నిలకడగా కదిలిందో ఈ పళ్ళెంలో తెలుస్తుంది.

ఈ వారం సాధన: రోజుకో గ్లాసు, ఒకే ఆకు, ఒకే కొలత. వేడిని ఒక రోజు 75, ఒక రోజు 80, ఒక రోజు 85 డిగ్రీలుగా మార్చండి. నోట్‌బుక్‌లో నాలుగే మాటలు రాయండి: చేదు, వగరు, కమ్మదనం, తిరిగొచ్చే తీపి. ఒక్కోదానికి సున్నా నుంచి అయిదు వరకు మార్కులు వేయండి. ఆకు డబ్బాను గాలి చొరబడకుండా మూసి ఫ్రిజ్‌లో పెట్టండి. బయటికి తీసిన వెంటనే మూత తెరవకండి, గది వేడికి వచ్చేదాకా ఆగండి, లేకపోతే తేమ పడుతుంది.

నాలుగో పాఠం బీలోచున్ మీద. సూజౌ దగ్గర తాయ్‌హూ సరస్సు ఒడ్డున, పండ్ల చెట్ల మధ్య పెరిగే ఆకు అది. నత్తగుల్లలా చుట్టుకుని, ఒళ్ళంతా తెల్లటి నూగుతో ఉంటుంది. దానికి ఇవాళ్టి పద్ధతి పనికిరాదు. ముందు నీళ్ళు పోసి, పై నుంచి ఆకు చల్లాలి. 10 గ్రాములు సంపాదించి ఉంచుకోండి.